కాలికి కాపడం, కణితికి కీమో

కాలు బెణికితే అమ్మమ్మ గుడ్డముక్క వేడిచేసి కాపడం పెట్టడం మనలో చాలామందికి గుర్తే. మరి కేన్సర్ కణితికి కాపడం పెడితే? నవ్వకండి! పరిశోధకులు ఎన్నో ఏళ్ళుగా ఆ పనిలోనే ఉన్నారు. వాళ్ళకి దారి చూపినవాటిలో మన ఇళ్ళలో తిరిగే కుక్కలూ ఉన్నాయి.

రాట్‌వైలర్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతి కుక్కలకి కాలి ఎముకలో కేన్సర్ ఎక్కువ. కండలో వచ్చే కణితులు వేరు. ఇవి ప్రయోగశాలలో అంటించిన రోగాలు కావు, మనకి వచ్చినట్టే వాటికీ వస్తాయి. కాబట్టి వాటికి పనిచేసిన వైద్యం మనుషులకీ ఆశ కలిగిస్తుంది. చిక్కల్లా మోతాదుతోనే. డాక్సోరూబిసిన్ వంటి కీమో మందు ఎక్కువిస్తే గుండె దెబ్బతింటుంది. మందు కణితి దగ్గరే పనిచేసేదెలా?

ఇక్కడే కాపడం అక్కరకొస్తుంది. కణితిని 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే అక్కడి రక్తనాళాలు వదులై మందు ఎక్కువగా లోపలికి దిగుతుంది. కేన్సర్ కణం దెబ్బతిన్న తన డీఎన్ఏని బాగుచేసుకోలేదు. పైగా కాలు గుండెకీ ఊపిరితిత్తులకీ దూరం కనుక, దాన్ని విడిగా వేడిచేయడం తేలిక.

అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. మందుని కంటికి కనబడని కొవ్వు బుడగల్లో నింపారు. మా కంప్యూటర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఇది పాస్‌వర్డ్ పెట్టిన ఫైలు. ఆ పాస్‌వర్డ్ వేడి! ఒంట్లో తిరుగుతున్నంతసేపూ మూసుకునే ఉంటుంది, వేడెక్కిన కణితిలో క్షణాల్లో తెరుచుకుంటుంది. 2000లో ప్రచురించిన ప్రయోగంలో 11 చిట్టెలుకలకి 11 కణితులూ 60 రోజులపాటు అదుపులో ఉన్నాయి. 2006లో కుక్కల ఫలితాలు వచ్చాయి. రెండు లేక అంతకుమించి మోతాదులు తీసుకున్న 20 కుక్కల్లో 6 కుక్కల కణితులు బాగా చిన్నవయ్యాయి, 12 కుక్కల కణితులు పెరగకుండా ఆగాయి.

అన్నీ విజయాలేనా? కాదు. ఇదే బుడగ మందుని మనుషుల కాలేయ కేన్సర్‌లో వాడి చూస్తే 2013లోనూ, 2020లోనూ ఆశించిన ఫలితం రాలేదు. కానీ మామూలు కీమోకే వేడిని జోడించి, కాళ్ళూ చేతులూ పొట్టలో సార్కోమా కణితులున్న 329 మందిపై చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. పదేళ్ళ తర్వాత బతికున్నవారు వేడి తోడైన వారిలో 52.6 శాతం, కీమో ఒక్కటే పొందిన వారిలో 42.7 శాతం. వందమందిలో పదిమంది అంటే పది కుటుంబాలు కదా!

ఒక మాట మాత్రం మరవకండి. కాలికి పెట్టిన వేడి కాలికే. ఎముక కేన్సర్ ఊపిరితిత్తులకి పాకితే కాపడం అక్కడికి చేరదు. అందుకే కుక్కల ఎముక కేన్సర్‌కి నేటికీ ప్రధాన వైద్యం కాలు తీసేసి కీమో ఇవ్వడమే. మూడు కాళ్ళతోనూ అవి చక్కగా పరుగెత్తుతాయి.

పిల్లలూ! మీ కుక్క కుంటుతూ ఉంటే, కాలు వాచి ఉంటే అమ్మానాన్నలకి వెంటనే చెప్పండి. ఇంట్లో కాపడాలు పెట్టకుండా పశువైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి. దానికి నోరు లేదు, దాని తరఫున మాట్లాడవలసింది మీరే.