గరిటెకి లండన్ ముద్ర

"వంట నేర్చుకోడానికి లండనా? పప్పులో ఉప్పెక్కువైతే మా అత్తగారు కంచం విసిరేసి నేర్పింది. పైసా ఖర్చు కాలేదు!" అని మా అమ్మ తేల్చిపారేసింది.

సంగతేమిటంటే, ఇంటర్ పాసైన మా అక్క కూతురు షెఫ్‌నవుతానంది. అందుకు లండన్‌లో తొమ్మిది నెలల డిప్లొమా చేస్తానంది. ఇల్లు రెండు పార్టీలైపోయింది. ఒకటి అమ్మది. రెండోది బావగారిది. మొదట ఆయనా "వంటమనిషివవుతావా?" అని మండిపడ్డవారే. లండన్ మాట వినగానే మెత్తబడ్డారు. "ఫారిన్ డిప్లొమా అంటే నలుగురిలో చెప్పుకోడానికి బాగానే ఉంటుంది" అంటూ గన్నవరం దగ్గరున్న స్థలాన్ని బేరం పెట్టేశారు.

నాకు ఒళ్ళు మండింది ఈ రెండో పార్టీ మీదే. అమ్మకి వంటంటే చులకన అని పైకే తెలుస్తుంది. పాపం, యాభై ఏళ్ళు జీతం లేకుండా చేసిన పనికి విలువుందని ఆవిడతో ఎవరన్నారు గనక! బావగారి చులకన మాత్రం మర్యాదగా ఉంటుంది. హైదరాబాద్‌లో నేర్చుకుంటే వంటమనిషి, లండన్‌లో నేర్చుకుంటే షెఫ్. చేతిలో గరిటె ఒకటే. మధ్యలో పోయే అరకోటి రూపాయలు వంట నేర్పినందుకు కాదు, చుట్టాల నోళ్ళు మూయించినందుకు.

అరకోటి అని ఊరికే అనడం లేదు. నేను బి.ఏ. దాన్ని, లెక్కలంటే హడలు. అయినా పిల్లని పక్కన కూచోబెట్టుకుని వేశాను. స్కూలువాళ్ళు పంపిన కాగితంలో ఫీజే ముప్పై అయిదు లక్షలు. లండన్‌లో ఉండే ఖర్చుకి నెలకి 1,529 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల డబ్బు చూపిస్తేగాని 2025 నవంబరు నుంచి విద్యార్థి వీసా లేదు. అదే 13,761 పౌండ్లు, మన డబ్బులో పదిహేను లక్షల పైచిలుకు. విమానం టిక్కెట్టూ, కత్తులూ, తెల్లకోటూ వేరే.

"చదువుకుంటూ ఏదో పని చేసుకుంటుందిలే" అన్నారు బావగారు. డిగ్రీకి దిగువ కోర్సులైతే క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 10 గంటలు దాటి పని చెయ్యనివ్వరు. కొన్ని స్కూళ్ళ పిల్లలకి అదీ లేదు. "చదువయ్యాక అక్కడే ఉద్యోగం చూసుకుంటుంది" అన్నారు. చదువయ్యాక ఆగి పని వెతుక్కునే వీసా డిగ్రీవాళ్ళకి. పైగా 2025 జూలై 22 నుంచి కొత్తగా స్కిల్డ్ వర్కర్ వీసాకి డిగ్రీ స్థాయి ఉద్యోగమే కావాలన్నారు. షెఫ్ ఉద్యోగం ఆ లెక్కలోంచి జారిపోయింది. అంటే పిల్ల తిరిగొచ్చి, ఇక్కడే ఏదో హోటల్లో అందరికన్నా కింది మెట్టు మీద, బస్తా ఉల్లిపాయలు ముందేసుకుని కూచోవాలి. ఆ జీతంతో అరకోటి ఎన్నేళ్ళకి తిరిగొస్తుందో మీరే వేసుకోండి.

ఇది మన పేద దేశపు ఏడుపనుకోకండి. 1895లో పారిస్‌లో మార్త్ దిస్తెల్ అనే పత్రికా రచయిత్రి వంటల పత్రిక పెట్టి, చందాదారులకి పెద్ద వంటవాళ్ళ చేత పాఠాలు చెప్పించింది. ఆడవాళ్ళ పత్రిక తలుచుకుంటే ఎంత పని చేస్తుందో చూడండి! అదే ఈనాటి లె కార్డన్ బ్లూ. దాని పేరు పెట్టుకుని అమెరికాలో ఒక కంపెనీ 16 స్కూళ్ళు నడిపింది. చదువుకోసం చేసిన అప్పు వచ్చే జీతంతో తీరాలని 2015లో అక్కడి ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ఆ ఏడాది చివరికల్లా ఆ కంపెనీ కొత్త నిబంధనలని చెప్పి దుకాణం కట్టేస్తామంది. 2017కల్లా అన్నీ మూతపడ్డాయి. జీతమెంత, అప్పెంత అని అడిగితే నిలవని చదువుకి నీలం రిబ్బను కట్టినా ఒకటే.

మరి మన బావగారు అడగాల్సినవి ఏం అడిగారు? ఏమీ లేదు. వారానికి ఎన్ని గంటలు పొయ్యి దగ్గర నిలబెడతారు? ఒక్కో పొయ్యికి ఎంతమంది? నిరుడు చదివినవాళ్ళు ఇవాళ ఎక్కడ, ఏ జీతానికి ఉన్నారు? ఆ రంగుల పుస్తకంలో పొడుగు టోపీల ఫోటోలు తప్ప ఇవేవీ లేవు.

హైదరాబాద్‌లో 1972 నుంచి ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది. దేశమంతటికీ ఒకే ప్రవేశపరీక్ష, మూడేళ్ళ డిగ్రీ, మధ్యలో కొన్ని నెలలు హోటల్లో నిజంగా పని. మూడేళ్ళ ఫీజూ కలిపినా లక్షల్లో ఒంటి అంకె దాటదు. అచ్చంగా వంటే చదవాలంటే బేగంపేటలో 1996 నుంచి కలినరీ అకాడమీ ఉంది. ఇవి పిల్ల కళ్ళకి ఆనలేదు. ఆనకపోవడం దాని తప్పుకాదు, మన మాటలు వింటూ పెరిగింది.

"పిన్నీ, పేస్ట్రీ పని అక్కడ నేర్పినట్టు ఇక్కడ నేర్పరు" అంది. నిజమే కావచ్చు. చెయ్యి తిరిగినవాళ్ళు ఎక్కడుంటే అక్కడికి పోవలసిందే. కాని ఫలానాది నాకు రావడం లేదని ముందు దానికి తెలియాలిగా! ఆ తెలియడం వంటింట్లో కేకు చేసి ఫోటో తీస్తే రాదు. రోజుకి పది గంటలు నిలబడితే వస్తుంది. అప్పుడు వెళ్ళమను, నేనే స్టేషనుకొచ్చి సాగనంపుతాను. విమానమైతే ఎయిర్‌పోర్టుకే అనుకోండి.

ఆ స్థలం ఉంటే అయిదేళ్ళ తర్వాత దాని సొంత బేకరీకి పెట్టుబడి అవుతుంది. ఈ మాట అక్కతో అంటే, "బేకరీ పెట్టుకున్న పిల్లని ఎవరు చేసుకుంటారే?" అంది. చూశారా, మూడో పార్టీ!

ఆదివారం బావగారు బేరం ఖాయం చెయ్యడానికి వెళ్తున్నారు. పిల్లకి ఊళ్ళోనే ఒక హోటల్లో ఆర్నెల్లు పని కుదిరింది, శనివారం చేరుతోంది. మా లెక్క కాగితం ఇంకో కాపీ రాసి ఉంచాను, ఆయన బండెక్కేలోగా చేతిలో పెట్టాలి.