కౌబాయి టోపీ కింద పాలేరు

'రౌడీరాణి' (1970) మన తెరమీద స్త్రీ విముక్తికి నాంది అనే వాదమొకటి వినవస్తున్నది. ఆ మాట అంటున్నది మన శిబిరంలోని మిత్రులే. అందుకే జవాబు చెప్పవలసి వస్తున్నది.

కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో విజయలలిత ప్యాంటు తొడిగి, గుర్రమెక్కి, తనవాళ్ళను చంపినవారిని వెతికి వెతికి మట్టుబెట్టింది. కన్నీరు కార్చడమే కథానాయిక ఉద్యోగమైన రోజుల్లో అది చిన్న సంగతి కాదు. నేల టిక్కెట్టువాడు యీల వేశాడంటే నేనతన్ని తప్పుపట్టను. ఆ యీలను సిద్ధాంతంగా మార్చే పండితుడితోనే నా తగవు.

అసలు కౌబాయి అంటే యెవడు? పశులకాపరి. మన కృష్ణా డెల్టా లెక్కన పాలేరు. వాళ్ళలో నల్లవారు, మెక్సికన్లు యెందరో వుండేవారు. 1883లో టెక్సాస్ కౌబాయిలు నెలకు 50 డాలర్ల జీతం కావాలని సమ్మె కట్టారు, ఓడిపోయారు. హాలీవుడ్ ఆ కూలివాడి టోపీనీ, గుర్రాన్నీ, తుపాకినీ పుచ్చుకొని జీతం సంగతి మాత్రం వదిలేసింది. (చాలా చిత్రాల్లో ఆవులను కూడా!) మద్రాసు ఆ టోపీని అరువు తెచ్చుకుంది. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' దాన్ని బుర్రిపాలెం బిడ్డ కృష్ణ నెత్తిన పెట్టి రాజస్థాన్ ఎడారిలో పరుగెత్తించింది. ఆ చిత్రానికి రచయిత ఆరుద్ర. రజాకార్ల దురాగతాలకు చలించి 'త్వమేవాహం' రాసిన ఆరుద్రే! కవికీ పొట్ట వుంటుంది, కాదనను. ఆ పొట్టకూటి పనిని కూడా అభ్యుదయ ఖాతాలో జమకట్టమంటేనే చిక్కు.

"అది వట్టి వినోదమండీ, అంత గంభీరమెందుకు?" అంటారు. సరే, వట్టి వినోదాన్నే చూద్దాం. 'క్యాట్ బాలూ' (1965) హాలీవుడ్ తీసిన హాస్య కౌబాయి చిత్రం. పంతులమ్మ కావాలనుకున్న పిల్ల తండ్రి పశుక్షేత్రానికి తిరిగివస్తుంది. అక్కడి నీటి హక్కుల మీద ఒక కంపెనీ కన్నుపడింది. కిరాయి హంతకుడు తండ్రిని చంపుతాడు, పిల్ల తుపాకి పడుతుంది. కడుపుబ్బ నవ్విస్తూనే ఆ చిత్రం హత్య వెనుక కంపెనీని చూపించింది. ఏలూరు కాలువ నీళ్ళు చివరి మడికి అందక తగవుపడే రైతుకు ఆ కథ చెప్పి చూడండి, వ్యాఖ్యానం అక్కరలేదు. డాలర్ల హాలీవుడ్ నవ్వుతూ అనగలిగినపాటి మాటను మన రాణి కోపంతోనైనా అనలేదు. ఆమెది సొంత పగ. ఆఖరి శత్రువు నేలకూలితే లెక్క చెల్లు. ఊరి భూమి యెవరి చేతిలో వుందో అడిగే పని ప్రేక్షకుడికి మిగలదు.

తుపాకి పట్టిన ఆడది కావాలా? అరిజోనా దాకా పోనక్కరలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) మల్లు స్వరాజ్యం దళం నడిపింది. ఆమె తలకు 10,000 రూపాయల వెల ప్రకటించారు. కౌబాయి చిత్రాల్లో గోడలకంటించే ప్రకటన యిక్కడ నిజంగానే వెలిసిందన్నమాట! పైగా ఆమె భూస్వామి యింటి బిడ్డ. రాణి తన కుటుంబం కోసం తుపాకి పట్టింది, స్వరాజ్యం తను పుట్టిన వర్గం మీదనే పట్టింది. 2022 దాకా ఆమె మన మధ్యనే వున్నది. 1978లో తుంగతుర్తి ఆమెను శాసనసభకు పంపింది. అదే ఎన్నికల్లో మన గన్నవరం సుందరయ్యను పంపింది.