ఆకు రాలినంతనే చెట్టును వదలుకోకండి



కెనడాలోని టొరాంటో నగరం నుంచి ఒక సోదరి ఈ శీర్షికకు లేఖ రాశారు. సిరియాలోని హలబ్ నగరం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఒకటి వారి పొరుగున ఉన్నది. ఆ ఇంటి పెద్దావిడ గత వసంతంలో, తాను స్వయంగా పెంచిన గార్ మొక్కను కుండీతో సహా ఈమెకు కానుకగా ఇచ్చారు. వేసవి అంతా అది బాల్కనీలో నిగనిగలాడింది. చలి మొదలవగానే సోదరి దానిని ముందుగదిలోకి తెచ్చి, వెచ్చగా ఉంటుందని హీటర్ పక్కన ఉంచి, రోజూ నీళ్ళు పోశారు. నెల తిరగకముందే ఆకులు పసుపుబారి రాలసాగాయి. ‘ఆమెకు ఏమని చెప్పాలో తెలియక ఎదురుపడకుండా తప్పించుకుంటున్నాను. ఇక మొక్క చచ్చినట్లేనా?’ అన్నది వారి ప్రశ్న.

ముందుగా ఈ మొక్క ఏమిటో తెలుసుకుందాం. అరబ్బీలో గార్ అనీ, ఇంగ్లీషులో బే లారెల్ అనీ పిలిచే ఈ సతతహరిత వృక్షం మధ్యధరా సముద్ర తీరాలకు చెందినది. దీని పండ్ల నుంచి తీసిన నూనెను ఆలివ్ నూనెతో కలిపి హలబ్ వాసులు తరతరాలుగా సబ్బు తయారు చేస్తున్నారు. ఆ నైపుణ్యాన్ని యునెస్కో 2024లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కనుక ఆ పెద్దావిడ ఇచ్చినది కేవలం ఒక మొక్క కాదు, విడిచి వచ్చిన తన ఊరి గుర్తు.

మన బిర్యానీలో వేసే ఆకు ఇది కాదు. మనది హిమాలయ ప్రాంతపు తేజ్‌పత్తా, దాల్చినచెక్కకు దగ్గరి బంధువు. ఆ ఆకు మీద పొడవునా మూడు ఈనెలు కనబడతాయి. గార్ ఆకుకు నడుమ ఒకే పెద్ద ఈనె, దాని నుంచి ఇరువైపులా సన్నని ఈనెలు ఉంటాయి. వాసనలు కూడా వేరు. మరొక హెచ్చరిక: గన్నేరు ఆకు చూపునకు కొంత దీనిని పోలి ఉంటుంది, కానీ అది విషం. ఏ మొక్కో రూఢిగా తెలియనిదే ఏ ఆకునూ వంటలో వేయకండి.

ఇక లేఖలోని సమస్యకు వద్దాం. నేలలో నాటుకున్న పెద్ద చెట్టు సున్నాకు కొన్ని డిగ్రీల దిగువ చలినైనా ఓర్చుకుంటుంది. కుండీలోని వేళ్ళకు భూమి ఇచ్చే రక్షణ లేదు. టొరాంటో వంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు చేరువవుతున్నప్పుడే మొక్కను లోపలికి తేవాలి. ఈ పని సోదరి సరిగానే చేశారు. పొరపాటు ఆ తరువాత జరిగింది. శీతాకాలం ఈ చెట్టుకు విశ్రాంతి కాలం. దానికి కావలసినది వెచ్చదనం కాదు, చల్లదనం, వెలుతురు. 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే చోటు శ్రేష్ఠం. హీటర్ లేని వరండా గాని, మెట్ల దగ్గరి కిటికీ గాని సరిపోతుంది. అటువంటి చోటు లేకుంటే, ఇంట్లో హీటరుకు అన్నింటికంటే దూరంగా, ఎండ బాగా పడే దక్షిణపు కిటికీ వద్ద ఉంచండి.

నీటి విషయంలో వేలే మీకు కొలమానం. మట్టిలోకి రెండు కణుపుల లోతున వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే పోయకండి. పొడిగా ఉంటే, అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. చల్లని గదిలో వారాల తరబడి నీరు అక్కరలేకపోవచ్చు. వసంతం వచ్చేదాకా ఎరువు అసలే వద్దు.

రాలిన ఆకులే రోగాన్ని చెబుతాయి. అంచులు గోధుమరంగుకు మారి పెళుసుగా విరిగితే, హీటరు వేడిగాలి తగిలిందని గాని, నీరు చాలలేదని గాని అర్థం. మట్టి తడిగా ఉండగానే ఆకు పసుపుబారితే వేళ్ళకు ఊపిరాడడం లేదని అర్థం. ఆకు జిగురుగా ఉంటే వెనుకవైపు చూడండి. గోధుమరంగు పొలుసు పురుగులు అంటుకుని ఉంటాయి. సబ్బునీటిలో ముంచిన గుడ్డతో ఒక్కొక్క ఆకునూ తుడవండి, వారానికొకసారి మళ్ళీ పరిశీలించండి.

సోదరి మొక్కది రెండవ బాధ. కొమ్మ బెరడును గోటితో సన్నగా గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. ఎండిపోయి ఉంటే ఇంకాస్త కిందికి గీకండి. కొమ్మలు ఎండినా మొదలు బతికి ఉండవచ్చు. తరువాత మొక్కను మట్టిగడ్డతో సహా మెల్లగా బయటికి తీయండి. గట్టిగా ఉన్న వేళ్ళు ఆరోగ్యకరమైనవి. మెత్తబడి దుర్వాసన వేసేవాటిని కత్తిరించి, ఇసుక కలిపిన కొత్త మట్టిలో, రంధ్రమున్న మట్టికుండీలో తిరిగి నాటండి. ఆ పైన వేచి ఉండండి. వసంతంలో కొత్త చిగురు కనబడేదాకా దానిని చచ్చిన మొక్కగా లెక్కించకండి. మంచు భయం తీరాక ఒక్కసారిగా ఎండలో పెట్టక, వారం పది రోజులు నీడలో అలవాటు చేసి బయట ఉంచండి.

ఒక విశ్వాసి నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని ఖాతాలో దానంగా నమోదవుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు. అల్లాహ్ ప్రతి జీవికీ ఒక పరిమాణాన్ని నిర్ణయించాడు. ఆ పరిమాణం తెలుసుకోని ప్రేమ, ఆకలి లేని బిడ్డకు బలవంతంగా అన్నం పెట్టడం వంటిది. సోదరి మొక్కను నిర్లక్ష్యం చేయలేదు, అతిగా ఆదరించారు. అందుకు సిగ్గుపడనక్కరలేదు, తెలుసుకుంటే చాలు.

సోదరీ, చివరిగా ఒక మాట. మొక్కకు జరిగినదానికంటే, మీరు ఆ పెద్దావిడకు ముఖం చాటేయడమే ఎక్కువ నష్టం. ఆ చెట్టు స్వభావం ఆమెకు తెలిసినంతగా నాకు తెలియదు. ఈ రోజే వెళ్ళి ఉన్నదున్నట్లు చెప్పి, సలహా అడగండి. తన ఊరి చెట్టును గురించి ఒకరు అడగడం కంటే ఆమెకు ఆనందం ఏముంటుంది? షోర్వా వండినప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంచమని ప్రవక్త ఉపదేశం. రాలకుండా మిగిలిన ఆకులలో ఒకటి షోర్వాలో వేసి, వడ్డించేముందు ఆకు తీసివేసి, ఒక గిన్నె ఆమెకు తీసుకువెళ్ళండి. నీళ్ళు ఎక్కువ పోయవలసినది ఆ గిన్నెలోనే, కుండీలో కాదు.

ఇన్షా అల్లాహ్, వసంతంలో చిగురు వార్తతో మీ లేఖ అందుతుందని ఎదురుచూస్తాను.