‘మా’ టీవీ ఎవరిదండీ?

కొవ్వూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. “మా ఇంట్లో సాయంత్రం అయ్యేసరికి స్టార్ మా మోగుతూ ఉండాల్సిందే. అది చిరంజీవి గారిదని మావారు, కాదు నాగార్జున గారిదని మా అబ్బాయి, అదేం కాదు అమెరికా వాళ్ళదని మా తోటికోడలు. మీరే తేల్చండి. అన్నట్టు జియో ఫోన్లోనూ అవే సీరియళ్ళు వస్తున్నాయి. దానికీ దీనికీ ఏమైనా చుట్టరికమా?”

అమ్మా, మీ ఇంట్లో ఎవరూ ఓడిపోలేదు! ముగ్గురూ చెప్పింది నిజమే. కాకపోతే ఒక్కొక్కరిది ఒక్కో కాలం నాటి నిజం. ఇక మీరు చివర్న అడిగారే చుట్టరికం సంగతి, అసలు కథంతా అక్కడే ఉంది. ఈ వారం ఆ కబురే చెప్పుకుందాం.

మా టీవీలో నిమ్మగడ్డ ప్రసాద్ గారితో పాటు చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ గార్లకి వాటాలుండేవి. చిరంజీవి గారిది మొగల్తూరు. అరవింద్ గారి నాన్నగారు అల్లు రామలింగయ్య గారిది పాలకొల్లు. కనక మన గోదావరి వాళ్ళు దాన్ని మన చానెల్ అనుకున్నారంటే అందులో ఆశ్చర్యం లేదు. 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ మొదలైనప్పుడు నాగార్జున గారు తనకి వాటా ఉన్న చానెల్లోనే కూర్చుని ప్రశ్నలడిగారు. మరుసటేడు 2015లో మా టీవీ, మా మూవీస్, మా మ్యూజిక్, మా గోల్డ్ నాలుగూ స్టార్ ఇండియా చేతికి వెళ్ళాయి. ఆ తర్వాత పేరు ముందు ‘స్టార్’ వచ్చి చేరింది. చిత్రం ఏమిటంటే, అదే నాగార్జున గారు 2019 నుంచి అదే చానెల్లో ‘బిగ్ బాస్’ నడిపిస్తున్నారు. మొహం అదే, చానెల్ అదే, మారిందల్లా యాజమాన్యం.

మరి ఆ స్టార్ ఎవరిది? హాంకాంగులో 1991లో మొదలైంది. లీ కా-షింగ్ అనే పెద్ద వ్యాపారి కుటుంబానిది. 1993లో రూపర్ట్ మర్డోక్ అందులో పెద్ద వాటా కొన్నాడు. 2019 మార్చిలో మర్డోక్ తన ఫాక్స్ కంపెనీలో సింహభాగాన్ని డిస్నీకి అమ్మాడు. బేరం 7,100 కోట్ల డాలర్ల పైమాటే! ఆ బేరంలో స్టార్ ఇండియా వెళ్ళింది, దాంతోపాటు మన ‘మా’ కూడా వెళ్ళింది. మిక్కీ మౌస్ కంపెనీకి మన సీరియల్ అత్తగార్లు దక్కారన్నమాట. తోటికోడలు గారి అమెరికా మాట అప్పటిది.

అక్కడితో ఆగిందా? లేదు. 2024 నవంబరు 14న స్టార్ ఇండియా, రిలయన్స్ వారి వయాకామ్18 కలిసిపోయి జియోస్టార్ అయ్యాయి. వాటాలు చూడండి. డిస్నీకి 36.84 శాతం, వయాకామ్18కి 46.82, నేరుగా రిలయన్స్‌కి 16.34. వయాకామ్18 కూడా రిలయన్స్ పట్టులోదే కనక పెత్తనం ఎవరిదో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. ఈ ఉమ్మడి సంసారం విలువ 70,352 కోట్ల రూపాయలని వాళ్ళే కట్టారు. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. మీ ఫోన్లో అవే సీరియళ్ళు కనిపించడానికి కారణం ఇదండీ.

ఈ కుటుంబానికి మన తెలుగు చానెళ్ళతో ఇది మొదటి పరిచయం కాదు. 1995 ఆగస్టు 27న రామోజీరావు గారు ఈటీవీ మొదలుపెట్టారు. తర్వాత అది చాలా భాషల్లోకి పాకింది. 2012 జనవరిలో రిలయన్స్ అండతో టీవీ18 వాళ్ళు వాటాల బేరం ప్రకటించారు, 2014లో అది పూర్తయింది. హిందీ, ఉర్దూ వార్తల చానెళ్ళు నూటికి నూరు పాళ్ళూ వెళ్ళాయి. కన్నడ, మరాఠీ, బెంగాలీ లాంటి వినోదం చానెళ్ళు సగం వెళ్ళాయి. తెలుగులో మాత్రం 24.5 శాతం దగ్గర ఆగింది. ఫలితం? 2015లో బెంగుళూరు వాళ్ళ ఈటీవీ కన్నడ కాస్తా కలర్స్ కన్నడ అయిపోయింది. మన ఈటీవీ మాత్రం ఈటీవీగానే ఉంది. ఒక పేరు బతకడానికీ పోవడానికీ మధ్య తేడా ఎన్ని శాతాలో చూశారా!

ఇక మన డెల్టాకి రండి. ఇదే రిలయన్స్ 2002లో కృష్ణా గోదావరి బేసిన్లో, సముద్రం అడుగున గ్యాస్ కనుక్కుంది. 2009 ఏప్రిల్లో అది పైకి రావడం మొదలైంది. కాకినాడకి దగ్గర్లో గాడిమొగలో ఒడ్డుకి చేరుతుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2018లో హాత్‌వే, డెన్ అనే రెండు పెద్ద కేబుల్ కంపెనీల్లో మెజారిటీ వాటాకి బేరం కుదిరింది. అంటే సిగ్నలు వాళ్ళది, తీగ వాళ్ళది, తెరమీద బొమ్మ వాళ్ళది. మన భాషలో చెప్పాలంటే కాలువా వాళ్ళదే, తూమూ వాళ్ళదే, చివర్న ధాన్యం కొనే మిల్లూ వాళ్ళదే!

అందులో తప్పేముంది అంటారా? న్యాయంగా మాట్లాడుకుందాం. జియో వచ్చాక డేటా చవకైంది. అంతర్వేది రేవులో వల బాగుచేసుకునే కుర్రాడు కూడా ఫోన్లో సినిమా చూస్తున్నాడు. ఇది చిన్న మేలు కాదు. పోటీ కూడా పూర్తిగా పోలేదు. జెమిని, జీ తెలుగు, ఈటీవీ ఉన్నాయి. అరవింద్ గారు 2020లో మై హోమ్ వారితో కలిసి ‘ఆహా’ పెట్టారు. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ సరేసరి. కాంపిటిషన్ కమిషన్ కూడా 2024 ఆగస్టులో ఈ కలయికకి షరతులతో సరే అంది.

కానీ చూసేవాడి లెక్క వేరు, తీసేవాడి లెక్క వేరు. రాజమండ్రిలో నాకు తెలిసిన ఒక చిన్న నిర్మాత ఉన్నాడు. ఆత్రేయపురం, పాపికొండలు తిరిగి, బంధువుల దగ్గర అప్పుచేసి ఒక సినిమా తీశాడు. థియేటర్లో వారం ఆడింది. ఇక మిగిలిన ఆశ శాటిలైట్ హక్కులు, ఓటీటీ హక్కులు. “ఇదివరకు నాలుగు తలుపులు కొట్టేవాణ్ణండీ. ఒకాయన ఇంత అంటే, పక్కాయన దగ్గరికెళ్ళి ఆ మాట చెప్పి కొంచెం లాగేవాణ్ణి. ఇప్పుడేంటంటే రెండు తలుపులకీ ఒకటే కాలింగ్ బెల్లు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, వడ్డీ కట్టేవాడి నవ్వు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

నేనతన్ని ఒకటే అడిగాను. “నీ పాత సినిమా హక్కులు కౌలుకిచ్చావా, క్రయదస్తావేజు రాసిచ్చావా?” అసలు కిటుకు ఇక్కడుంది. మన కొబ్బరితోట మూడేళ్ళ కౌలుకిస్తే గడువు తీరాక తోట మనది. అమ్మేస్తే గట్టుమీద నిలబడి చూడ్డమే. సినిమా హక్కులూ అంతే. తెలుగులో చాలామంది నిర్మాతలు అవసరానికి శాటిలైట్ హక్కులు శాశ్వతంగా రాసిచ్చేశారు. చానెల్ అమ్ముడైతే దాని దగ్గరున్న సినిమా హక్కులు కూడా మామూలుగా ఆ మూటలోనే వెళ్తాయి. తీసినవాణ్ణి ఎవరూ అడగరు, నటించినవాణ్ణి అసలే అడగరు. మనవాడు తలవంచుకుని “క్రయమేనండీ” అన్నాడు.

ఇంత పెద్ద సంస్థలు కొన్నవన్నీ శాశ్వతంగా ఉంచుకుంటాయని కూడా అనుకోకండి. అమెరికాలో ఏ.టి.అండ్.టి. అనే మహా టెలిఫోన్ కంపెనీ 2018లో టైమ్ వార్నర్ని కొంది. వార్నర్ బ్రదర్స్, హెచ్.బి.ఓ., సి.ఎన్.ఎన్. అన్నీ ఫోను వాళ్ళవైపోయాయి. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2022 ఏప్రిల్లో, వాటిని విడదీసి డిస్కవరీతో కలిపేసింది. అంతదాకా ఎందుకు? మన కాకినాడ గ్యాస్‌ని గుజరాత్‌లోని భరూచ్ దాకా మోసుకెళ్ళే పైపులైను ఉంది చూడండి, అంబానీ వర్గం వేసిందే. 2019లో అది కెనడా వారి బ్రూక్‌ఫీల్డ్ పక్షానికి వెళ్ళింది. గ్యాస్ మాత్రం ఆగలేదు, ఏ ఊళ్ళోనూ పొయ్యి ఆరలేదు. గ్యాస్‌కి యజమాని ఎవరైతేనేం? సినిమా అలా కాదు. దాన్ని ఏ వేళకి వెయ్యాలి, అసలు వెయ్యాలా, బీరువాలో పెట్టి తాళం వెయ్యాలా అన్నది యజమాని ఇష్టం. చిన్న సినిమా బతుకు ఆ ఇష్టం మీదే ఆధారపడి ఉంటుంది.

అందుకే సినిమా తీసే గోదావరి కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే. కెమెరా కంటే ముందు కాగితం చదవండి. ఎన్నేళ్ళు, ఏ ఏ భాషలు, గడువు తర్వాత హక్కు ఎవరికి... ఈ మూడూ రాసి ఉంటేనే సంతకం పెట్టండి. కొన్న కంపెనీ పేరు రేపు మారిపోవచ్చు, గడువు తేదీ మాత్రం కాగితం మీద అలాగే ఉంటుంది.

ఇక కొవ్వూరు అమ్మగారికి నా జవాబు: మీవారి మాట, మీ అబ్బాయి మాట 2015 దాకా నిజం. తోటికోడలు గారి మాట, ఇప్పటికీ డిస్నీకి మూడోవంతు పైన వాటా ఉంది గనక, ఇంకా కొంత నిజమే. ఇక ఇంట్లో రిమోట్ ఎవరిదంటారా? ఆ తగువు తీర్చడం నా వల్ల కాదు!