రైతు సలహాకి పైసలివ్వడా? ఇస్తూనే ఉన్నాడు!

మన సాఫ్టువేరు వాళ్ళు నలుగురు కలిసి రైతుల కోసం ఏదైనా చేద్దామనుకోగానే ముందు పుట్టేది సలహాల యాప్. ఆకు ఫోటో పంపితే తెగులేంటో చెప్తుంది, నెలకి యాభయ్యో వందో చందా. ఏడాది తిరక్కుండానే మూత. "చిన్న రైతు సలహాకి పైసా తియ్యడండీ" అని తేల్చేస్తారు. నా పేచీ ఈ తీర్పుతోనే.

నిజామాబాదులోనో బోధన్‌లోనో మందుల దుకాణం దగ్గర సీజనులో ఓ గంట నిలబడి చూడండి. మాడిన ఆకు పట్టుకొచ్చి "ఏం కొట్టాలె సేటూ?" అనడుగుతారు. సేటు రెండు డబ్బాలు తీసిస్తాడు. సలహా ఉచితం! దాని ఖరీదు డబ్బాలో కలిసిపోయింది, ఉద్దెరకి తీసుకుంటే మిత్తి అదనం. 2003లో జాతీయ నమూనా సర్వే వాళ్ళు దేశమంతా అడిగితే, దుకాణదారు దగ్గర సమాచారం తెలుసుకున్న రైతు కుటుంబాలు 13.1 శాతం, ప్రభుత్వ విస్తరణ సిబ్బంది దగ్గర 5.7 శాతం.

చిక్కేంటంటే, బాగా పనికొచ్చే సలహాలకి చాలాసార్లు డబ్బా ఉండదు. "ఈ వారం ఏమీ కొట్టకు", "పసుపులో నిలిచిన నీళ్ళు ముందు తీసెయ్, లేకపోతే దుంప కుళ్ళుతుంది" అని చెప్తే సేటుకి ఏం మిగుల్తుంది?

పోనీ సలహానే విడిగా అమ్మితే? గుజరాత్‌లో పత్తి రైతులకి ఫోనులో సలహాలిచ్చిన ఆవాజ్ ఒటలో మీద కోల్, ఫెర్నాండో అనే ఇద్దరి అధ్యయనం 2021లో అచ్చయింది. రైతులు వాడారు, సాగు పద్ధతులు కొన్ని మార్చుకున్నారు కూడా. కానీ ఎంతిస్తారంటే, చెప్పిన మొత్తం సేవకయ్యే ఖర్చు కన్నా బాగా తక్కువ. ఇందులో వింతేముంది? సలహా మంచిదో కాదో పంట చేతికొచ్చేదాకా తెలీదు. వచ్చాక కూడా అది సలహా గొప్పో వాన గొప్పో ఎవరు చెప్పగలరు? పైగా ఒకరు కొంటే పక్క చేనాయన ఊరికే వింటాడు. మనం మాత్రం ఎన్ని సాఫ్టువేర్లు డబ్బులు కట్టి వాడామో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి :-)

దీనికి ఒక జవాబు ఒకప్పుడు మన బోధన్‌లోనే ఉండేది. షక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్స్. చక్కెర ఫ్యాక్టరీ అన్నాక చెరకు విభాగం ఉంటుంది, ఫీల్డ్‌మన్ చేను దాకా వస్తాడు. ఫీజు అడగడు. ఎందుకంటే చెరకు బాగా పండితేనే ఫ్యాక్టరీకి గిట్టుబాటు. రైతుకీ ఫ్యాక్టరీకీ బకాయిల గొడవలు వంద ఉండొచ్చు, దిగుబడి దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. పోయింది ఉద్యోగాలూ చక్కెరే అనుకుంటాం. రైతు బాగుపడితే తనూ బాగుపడే ఓ పెద్ద కొనుగోలుదారు కూడా పోయాడు. ఆర్మూరు పక్క అంకాపూర్‌లో విత్తన పంటలు నిలబడ్డదీ ఈ సూత్రం మీదే. విత్తనం కొనే కంపెనీకి ఆ పంట కావాలి, కాబట్టి సలహా దాని అవసరం.

అందుకే యాప్ రాసే ముందు అడగాల్సిన ప్రశ్న "రైతు ఎంతిస్తాడు?" కాదు, "దిగుబడి పెరిగితే ఇంకెవరికి లాభం?" అని. మిల్లో, విత్తన కంపెనీయో, రైతుల సంఘమో, అప్పిచ్చిన బ్యాంకో. డబ్బు అక్కడ అడగండి. రైతునే అడగాలంటే పంట అమ్మాక, క్వింటాలుకి ఇంత అని అడగండి. అలాంటి కొనుగోలుదారు లేని పంటలకి ప్రభుత్వమే భరించాలి. 2004 నుంచీ కిసాన్ కాల్ సెంటర్ ఉంది, సుమారు 5,000 ఎకరాలకి ఒక విస్తరణ అధికారి ఉన్నారు. ఆ అధికారి రోజంతా సర్వేలకీ నమోదులకీ పోకుండా చేలో దిగనిస్తే చాలా యాప్‌ల పని తప్పుతుంది.

ఇక చందాలు రాలేదని మందుల కంపెనీ కమిషన్‌కి ఒప్పుకున్నారో, మీ యాప్ "ఏమీ కొట్టకు" అని ఎప్పటికీ చెప్పలేదు. సేటు పక్కన ఇంకో సేటు, అంతే. ఈ సేటుకి ఉద్దెర ఇవ్వడం కూడా రాదు.