టిక్కీలకు లెక్కుంది, తిరునాళ్లకు లెక్కేదీ?

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల విద్యార్థులకు, తల్లిదండ్రులకు

మన దగ్గర పేరున్న ఒక కాలేజీలో టూరిజం కోర్సు ఎత్తేశారు. అడ్మిషన్లు లేవన్నారు. పీహెచ్‌డీ చేసి, నెట్ పాసై, ఏళ్ల తరబడి గెస్టు లెక్చరరుగా మిగిలిపోయిన సారుకు సెలవుల్లో వాట్సాప్ మెసేజ్ పెట్టి ఇక రావద్దన్నారు.

ఆ కాలేజీ ఆయనకు అప్పజెప్పిన పనేమిటో వినండి. మంత్రి వస్తే గుమ్మం దగ్గర బొకేలు అందించాలి. సెమినారు రోజున భోజనాల దగ్గర నిలబడి పప్పు ఎక్కడ తక్కువైందో, పెరుగు కప్పులు సరిపోయాయో చూడాలి. "మీది హాస్పిటాలిటీయే కదండీ!" అని పెద్దలు నవ్వుతారు. ఎకనామిక్స్ సారును ఫీజుల కౌంటర్లో కూర్చోబెడతారా? బోటనీ మేడం చేత కుండీలకు నీళ్లు పోయిస్తారా? గంటకింతని కట్టిచ్చే జీతం, అదీ వేసవిలో బందు, ఆపైన బాకీలు. ఆ మనిషి పరిశోధన ఎప్పుడు చేస్తాడు? ఆయన్ను చూసి ఏ పిల్లవాడు చేరతాడు? ముందు పంతుల్ని పస్తు పెట్టి, తరువాత పిల్లల్లేరని తాళం వేస్తారా? సిగ్గుచేటు.

మిర్చి యార్డుకు ఇవాళ ఎన్ని టిక్కీలు వచ్చాయో, తేజ రకం ఎంత పలికిందో సాయంత్రానికి ఊరూరా తెలుస్తుంది. పైరుకు తెగులొస్తే పోయి అడగడానికి 1922 నుంచి లాం ఫారం ఉంది. మరి శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల లెక్క? ఒక్క ప్రభ లేవాలంటే వెదుర్లు, జనరేటరు అద్దె, లైటింగు వాళ్ల కూలి, ఊరి చందాలు. అందులో నరసరావుపేటలో నిలిచిందెంత, బయటికి కారిపోయిందెంత? జిలేబీ కొట్టువాడికి మిగిలిందెంత, ఆశీలు పాటదారుకు ముట్టిందెంత? టూరిజం ఎకనామిక్స్ అడిగేవి ఈ ప్రశ్నలే.

మన గడ్డను చదవడం ఎప్పుడూ పైవాళ్ల పనే అయింది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ అమరావతి వచ్చాడు. 1845లో మరో కంపెనీ అధికారి ఇలియట్ అక్కడి స్తూపం తవ్వించి శిల్పాలు మద్రాసుకు పంపాడు. ఇవాళ కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. 2006 జనవరిలో అమరావతిలో జరిగిన కాలచక్ర బౌద్ధ వేడుకకు దలైలామా వచ్చారు, దేశదేశాల బౌద్ధులు దిగారు. వాళ్లు ఎక్కడ పడుకున్నారు, ఎవరి దగ్గర తిన్నారు, ఏ ఆఫీసు చెబుతుంది? 2015లో కేంద్రం హృదయ్, ప్రసాద్ రెండు పథకాల్లోనూ అమరావతి పేరెక్కింది. 2024లో రాష్ట్రం టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. పరిశ్రమ అన్నాక లెక్క చూసే మనిషి వద్దా? కన్సల్టెన్సీ వాళ్లు ఏసీ కారులో వచ్చి, భోంచేసి పోయి, రంగుల పీపీటీ పంపుతారు. ఊరి పేరు మారిస్తే అదే తిరుపతికీ సరిపోతుంది!

నెల్లూరులో కేంద్రం వారి టూరిజం విద్యాసంస్థ ఐఐటీటీఎం ఉందిగా అంటారు. ఉంది, సంతోషం. లాం ఉందని బాపట్ల వ్యవసాయ కళాశాలను మూశామా? నిధుల్లేవంటారు. శిలాఫలకాలకు ఎక్కడివి? ప్లేట్లు కడగడానికి పీహెచ్‌డీ ఎందుకనే వాళ్లకు జవాబు చెప్పడానికి ఈ కాగితంలో చోటు లేదు.

ఎత్తేసిన కోర్సు జూన్‌లో తెరవాలి. గంట జీతాల పద్ధతి పోవాలి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో టూరిజం ఎకనామిక్స్‌కు పర్మనెంటు పోస్టులు, మన పిల్లలకు ఫెలోషిప్పులు మంజూరు చేయాలి. టూరిజం వల్ల దేశానికి ఎంత వస్తోందో చూపే టూరిజం శాటిలైట్ అకౌంట్ కట్టారు కదా, అలాగే జిల్లాకో లెక్క కట్టాలి. సూర్యలంక, ఉండవల్లి, కొండవీడు, చందవరం, భైరవకోన, ఏదీ వదలకూడదు. ప్రవేశ టికెట్లు, ఆర్టీసీ స్పెషల్ బస్సులు, ఆశీలు పాటల వివరాలు పరిశోధకుడు అడిగితే తిప్పించుకోకుండా ఇవ్వాలి.

కలెక్టరుకు, వైస్ ఛాన్సలరుకు ఇచ్చే వినతిపత్రం ఈ కరపత్రంతోపాటే మీ చేతికి వస్తుంది. సంతకం చేసి, ఊరు, చదువు రాసి, పంచినవాళ్లకే తిరిగి ఇవ్వండి. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లలో తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టండి.