గోగునార: కోత మొదలు కొట్టు వఱకు



విజయనగరము వైపు పల్లెనుండి యొక సోదరి మాకొక లేఖ వ్రాసినది. ఆ లేఖ చిన్నదే కాని అందలి బాధ చిన్నది కాదు. "ఈ యేడు మా గోగు మనిషిని మించి యెదిగినది. నార మాత్రము క్రింది తరగతికి పోయినది. పైరు మంచిదే గావున లోపము నార తీసిన ఆడువారి చేతులలోనే యున్నదని ఇంటిల్లిపాదియు ననుచున్నారు. నిజముగ లోపమెక్కడ?" అని ఆమె యడుగుచున్నది. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న కోతనాటినుండి కొట్టులో చేర్చువఱకు జరుగు పనియంతయు వరుసగ చూడవలసియున్నది. గోగు పండింపని సోదరీమణులును దీనిని దాటిపోవలదని మా మనవి. మన యింట బియ్యము నింపుకొను గోనెసంచి వెనుక నున్న శ్రమ యిదియే.

గోగు మనకు పరాయిది కాదు. ఆంధ్రమున గోంగూర యనియు, తెలంగాణమున పుంటికూర యనియు పచ్చడి నూరుకొను మొక్కయు నారగోగును ఒక కుదుటివే. అందు కొమ్మలు వేయక నిటారుగ సాగు రకములను నారకై యొత్తుగ విత్తుదురు. తొలకరికి విత్తినది నాలుగైదు మాసములలో రెండు నిలువుల యెత్తునకు పోవును. బక్కపలుచని బిడ్డను గోగుపుల్ల యని మనము ముద్దుగ పిలుచుటకు కారణ మా యెదుగుదలయే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లా లీ పైరునకు చిరకాలముగ పేరొందినవి. పూర్వము విదేశపు వర్తకులు ఈ నారను భీమునిపట్నపు జనపనార యనియే వ్యవహరించిరి. ఆ పేరు నేటికిని నారల గ్రంథములలో నిలిచియున్నది. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన కేంద్రమున నీ పైరునకు మేలురకములను తీసిరి.

ఇచ్చట నొక భేదము తెలిసికొనదగును. జనుము వేఱు, జనపనార వేఱు, గోగు వేఱు. జనుము పసుపుపూలు పూయు పైరు. మనుస్మృతిలో క్షత్రియునకు యజ్ఞోపవీతముగ విధింపబడిన శణసూత్రము ఈ జనుపనారతో పేనినదే. జనపనార ముఖ్యముగ వంగదేశపు పంట. గోగు దానికి బదులుగను, దానితో కలిపియు గోనెలు నేయుటకు పనికివచ్చును. గోనె యను మాటయు క్రొత్తది కాదు. పాణిని కాలమునకే గోణీశబ్దము ధాన్యము నింపు సంచికి పేరై యున్నది.

త్వరగా పెరుగు పంటలన్నియు ఒక తీరున నుండవు. సముద్రతీరమున సరుగుడు తోటలను చూచుచున్నాము గదా. అదియు త్వరగా పెరుగు చెట్టే. దానిని కొట్టి, మెరకనేలపై గాలి యాడునట్లు పేర్చినచో బరువు తగ్గునే కాని కొన్నిమాసములు చెడక నిలుచును. నేడు కాకున్న రేపు తూచుకొనవచ్చును. గోగున కట్టి యోరిమి లేదు. కోసిననాటినుండి ప్రతిదినమునకును లెక్క కలదు. ఒకదినము ముందైన నొక నష్టము, ఒకదినము వెనుకైన మఱియొక నష్టము. నూఱు కిలోల పచ్చిమోపునుండి వచ్చు ఎండునార సుమారు 5 కిలోలు మాత్రమే. అంత స్వల్పమైన ఫలములో పాడుచేసికొనుటకు మిగులేమున్నది?

మొదటి లోపము కోతకు మునుపే పుట్టుట కలదు. చేను పచ్చగ కనబడగనే కూరకని తలలు త్రుంచు అలవాటు కొన్ని యిండ్లలో నున్నది. తల త్రుంచిన మొక్క ప్రక్కకొమ్మలు వేయును. కొమ్మ పుట్టినచోట పుల్ల గణుపుపడి, నార తెగి చిక్కుపడును. కూరకు కావలసినచో ఒత్తుగ మొలిచిన లేతమొక్కలను పలుచన చేయునపుడు పెరికిన వానిని వాడుకొనుడు. లేదా పెరటిలో కూరకు వేఱుగ నొక మడి వేసికొనుడు. నారచేని తలలు మాత్రము ముట్టవలదు.

రెండవది కోతదినము. చేనిలో సగము మొక్కలు పూతకు వచ్చిన సమయము నారకు తగినది. అంతకు ముందు కోసిన నార తక్కువగ వచ్చును, వచ్చినదియు బలహీనముగ నుండును. కాయలు ముదురువఱకు నిలిపిన బరువు హెచ్చునను ఆశ కలుగును గాని బెరడు మ్రానుపడి నీటిలో త్వరగా ఊరదు, నారయు మోటగును. విత్తనము కావలసినచో చేని యొక మూలను విడిచి, తక్కినది పూతవేళనే కోయుట మేలు.

కోసిన మొక్కలను లావువి లావువానితోను, సన్ననివి సన్ననివానితోను ఏరి కట్టలు కట్టవలెను. ఈ యేరుట వృథాశ్రమ యని కొందఱు తలతురు. లావుపుల్ల ఊరునప్పటికి సన్నపుల్ల కుళ్లును. రెంటిని ఒకే కట్టలో కట్టినచో ఏదో యొకటి చెడుట నిశ్చయము. కట్ట జేనెడు మందమునకు మించరాదు. మూడు నాలుగు దినములు చేనిలోనే యుంచిన ఆకు రాలును. రాలిన యాకు నేలకు ఎరువగును, చెరువులో కుళ్లి నీటిని నల్లపఱుపకుండును.

ఇక మూడవదియు ముఖ్యమైనదియు నగు ఊరవేత. మొక్క మొదట బెరడు గట్టిది, కొన మెత్తనిది. కట్టను ఒక్కసారిగ పరుండబెట్టిన కొన ఊరినను మొదలు ఊరదు. అందుచే ముందు కట్టలను నిలువబెట్టి, మొదళ్లు మాత్రము రెండడుగుల నీటిలో మూడు నాలుగు దినములు నానునట్లు చేయవలెను. పిమ్మట వానిని అడ్డముగ వరుసలు పేర్చి, నీటిమట్టమునకు జానెడు లోతున మునుగునట్లు బరువు పెట్టవలెను. బరువునకు రాళ్లు మంచివి. మట్టిపెళ్లలు, అరటిబోదెలు పెట్టిన వాని కసరు నారకెక్కి రంగు నల్లనగును. పైన గుఱ్ఱపుడెక్కయో, గడ్డియో కప్పవచ్చును. మెల్లగ పారు గెడ్డనీరు శ్రేష్ఠము. చెరువైనచో నీరు పుష్కలముగ నుండవలెను.

నీటిలో జరుగునదేమి? మా యింటివారు బడిపిల్లలకు దీనిని పాలు తోడుకొను రీతితో పోల్చి చెప్పుదురు. తోడులోని సూక్ష్మజీవులు పాలను పెరుగు చేసినట్లే, నీటిలోని సూక్ష్మజీవులు పుల్లకును నారకును నడుమనున్న జిగురును తినివేయును. జిగురు పోగా నార విడివడును. పెరుగు సంగతి మనకు చెప్పనక్కఱలేదు. తోడు చాలకున్న పాలు పాలుగనే యుండును, వేళ మించిన పులియును. శీతకాలమున ఆలస్యమగును, ఉక్కపోతలో త్వరగా నగును. నారయు నట్లే. జిగురు పూర్తిగ పోకున్న బెరడుపెచ్చులు నారను విడువవు. జిగురు పోయిన పిమ్మటను నిలిపినచో ఆ జీవులు నారనే తినసాగును, లాగినంతనే తెగును. కావున ఇన్నిదినములని శిలాశాసనము లేదు. పది పండ్రెండు దినములు మొదలు మూడువారముల వఱకు పట్టవచ్చును. ఎనిమిదవనాటినుండి ప్రతిదినము రెండుమూడు కట్టలనుండి ఒక్కొక్క పుల్లను తీసి చూడవలెను. మొదటినుండి కొనవఱకు నార జాఱి, పుల్ల తెల్లగ బయటపడెనా, ఆనాడే తీయవలెను.

ఇచ్చటనే మన సోదరి ప్రశ్నకు సమాధానము కలదు. పుల్ల తీసి చూచునది ఎవరు? చాలయిండ్లలో నారతీత స్త్రీల పాలిటిదే. చేతికి తెలియు జాఱుపాటు ఆ పని చేయువారికే తెలియును. తీయవలసిన దినమును నిర్ణయించునది మాత్రము వేఱొకరు. బండి దొరకలేదనియో, కూలీలు రాలేదనియో, సంతదినము కాదనియో ఊరిన కట్టలను నాలుగునాళ్లు నీటిలోనే నిలుపుదురు. లేదా షావుకారు తొందరచేసెనని ఊరకమునుపే తీయింతురు. మొదటిదానివలన నార తెగును, రెండవదానివలన బెరడు మిగులును. తుదకు తరగతి తగ్గగనే నిందమాత్రము కడిగిన చేతులపై పడును. ఇది న్యాయము కాదు, గణితము నంతకంటె కాదు. ఎవరి చేయి పుల్లను పరీక్షించునో వారి మాటచొప్పుననే తీయుదినము నిలువవలెను. చేతి కష్టము వారిదైనప్పుడు చెప్పు నధికారమును వారిదే కావలెను.

నారను పుల్లపుల్లకు విడిగ తీసిన చిక్కులేకుండ వచ్చును. పిడికెడు పుల్లలను కలిపి మొదళ్లు కొట్టి, విఱిచి, ఝాడించి తీయుట త్వరితమే గాని చిక్కులును విఱిగినపుల్ల ముక్కలును హెచ్చు. తీసిన నారను ఊరవేసిన మురుగునీటిలోనే ముంచి తీయక తేటనీటిలో రెండుమార్లు జాడింపవలెను. పిండి, వెదురుదండెములపై పలుచగ ఆఱవేయవలెను. నేలపై పఱచిన ఇసుకయు మన్నును అంటును. రెండుమూడు దినములలో నారు లోపలివఱకు ఆఱును. పైపై చూచి మోసపోరాదు. నడిమి పాయను చేతబట్టి చూడుడు. చెమ్మ తగిలిన మఱియొక పూట ఎండవలసినదే. తడి మిగిలిన నారను బరువుకు పనికివచ్చునని గట్టిగ కట్టి కొట్టున వేసిన, లోపల వేడెక్కి నడుమ కుళ్లును. విప్పిననాడు కొనువాని యెదుట తలవంపు తప్పదు. కొట్టులోనైనను నేలపైగాక బల్లలపైనో, గోగుపుల్లల పఱుపుపైనో గోడకు దూరముగ పేర్చవలెను. నారను తరగతి కట్టునపుడు బలము, రంగు, మచ్చలు, మొదటిబెరడు, సన్నదనము చూతురు. ఈ యైదింటిలో రంగు తప్ప తక్కినవన్నియు కడుగుటకు ముందే చాలవఱకు నిశ్చయమైయుండును. రంగులోను సగము నీటిదే. కడిగిన చేతు లెంతవఱకు బాధ్యములో చదువరులే తెలిసికొందురు గాక.

నీటిలో నిలుచు వారి దేహముగూర్చియు చెప్పక విడువరాదు. నడుములోతు మురుగులో గంటలకొలది నిలుచుటవలన కాలివ్రేళ్ల సందులు పుండ్లుపడును. జలగలు పట్టును. గర్భిణులను, బాలింతలను ఆ పనికి దింపరాదు. పని ముగిసిన వెంటనే మంచినీట కడిగికొని, తుడిచికొని, కాళ్లకు నూనె రాచికొనవలెను. ఊరవేసిన నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును. అట్టి నీటిని వంటకును పశువులకును వాడరాదు. ఊరనీటి చెరువు వేఱుగ, త్రాగునీటి చెరువు వేఱుగ నుండునట్లు గ్రామమువారు చూడవలెను.

ఈ కష్టము తగ్గు మార్గములును లేకపోలేదు. పచ్చిమొక్కనుండియే బెరడు నొలిచి దానినిమాత్రము ఊరవేసిన నీరు చాల తక్కువ సరిపోవును, మోయు బరువును తగ్గును. పశ్చిమవంగమున బారక్‌పూర్‌నందున్న కేంద్ర నారపంటల పరిశోధన సంస్థవారు క్రైజాఫ్ సోనా యను నొక పొడిని సిద్ధపఱచిరి. ఇది ఎంచిన సూక్ష్మజీవుల తోడువంటిది. వరుసలపై చల్లిన ఊరుదినములు సుమారు వారమువఱకు తగ్గి నార మెఱుగగును. 2015నుండి జ్యూట్-ఐకేర్ అను ప్రణాళికద్వారా జనపనార కార్పొరేషన్‌వారు దీనిని రైతులకు పరిచయము చేయుచున్నారు. మీ సమీపమున వ్యవసాయాధికారిని అడిగి దొరకు తెరువు తెలిసికొనుడు.

నార తీయగ మిగిలిన పుల్లలును ఇల్లాలి సొమ్మే. నారకు రెండింతలకు పైగ పుల్లలు మిగులును. ఎండినవి పొయ్యికి, తడికెలకు, పాదుల పందిళ్లకు పనికివచ్చును. ఇవి త్వరగా మండి త్వరగా ఆఱును గావున ఎసరు మఱుగుటకు మంచివి, నిదానపు వంటకు మంచివి కావు. నిప్పు తగిలిన క్షణములో అంటుకొను స్వభావము గలవి. పొయ్యికి దూరముగ, పంచకు వెలుపల పేర్చుకొనుడు.

ప్లాస్టిక్ సంచులు వచ్చినతరువాత గోగు సేద్యము చాలచోట్ల తగ్గినది. ప్రభుత్వము నిర్ణయించిన మేరకు ధాన్యమును పంచదారను జనపసంచులలోనే నింపవలెనని 1987లో చట్టము చేసిరి గాని, చట్టము గిరాకిని నిలుపగలదే కాని తరగతిని తెచ్చిపెట్టజాలదు. మిగిలిన కొలది చేలలోనైనను పండినదానికి తగిన వెల రావలెనన్న నీటిలోని దినములను సరిగ లెక్కింపవలెను.

అందులకు పెద్ద చదువక్కఱలేదు. కట్టలు నీట దించిననాడు పంచాంగము ప్రక్కన గోడపై నొక గీత గీయుడు. దినమునకొక గీత పెంచుడు. పుల్ల పరీక్షించిననాడు గీతక్రింద చుక్క పెట్టుడు. నార జాఱిన దినమున ఇంటివారిని పిలిచి చూపి, తీయవలెనని స్పష్టముగ చెప్పుడు. వారు నిలిపినచో ఆ నిలిపిన దినములును గోడపైననే యుండును. స్త్రీలు నీటిలో నిలిచిన దినములను కూలిదినములుగ వేఱొక వరుసలో వ్రాయుడు. నార అమ్మిననాడు వచ్చిన సొమ్ముతోపాటు ఆ గోడను గూడ చదువుకొనుడు. వచ్చు ఏడు తరగతి తగ్గినను హెచ్చినను కారణము వెదకుకొనుటకు ఎవరి చేతులను చూడనక్కఱలేదు.